ఆమెకు మిగిలిన మాట

మా ఇంటిదానికి ఇప్పుడు ఒక్క మాటే వస్తుంది. ఆ మాట "నోర్ముయ్".

నీళ్లు కావాలన్నా అదే. కాలు తిమ్మిరెక్కినా అదే. మా కూతురు వచ్చి పక్కన కూర్చుంటే సంబరంగా దాని చెయ్యి పట్టుకుని కూడా అదే మాట అంటుంది. కొత్తగా చూడవచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు. కొందరు నవ్వుతారు. నవ్వినవాళ్ల మీద నాకు కోపం లేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఇప్పుడు లేదు.

నాకు డెబ్బై దాటాయి. పొద్దున లేచి ఆమెను కూర్చోబెట్టాలి, పళ్లు తోమాలి, బట్ట మార్చాలి, గంజి తాగించాలి, మళ్లీ పడుకోబెట్టాలి. అంతా అయ్యేసరికి పదకొండవుతుంది. నా నడుము పట్టేస్తుంది. అప్పుడు అరుగు మీద కూర్చుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. రాయమని ఎవరూ అడగలేదు. మా ఇంటి సంగతి బస్తీలో రెండు మూడు రకాలుగా తిరుగుతోంది. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని నాకనిపించింది.

ఆమె పడిపోయింది వానకాలం మొదట్లో. నల్లా దగ్గర నిండిన బిందెను ఎత్తబోయి అట్లాగే పక్కకు ఒరిగింది. బిందె పడ్డ చప్పుడు విని, నేను లోపలి నుంచే ఏదో కసిరాను కూడా. బయటికి వచ్చి చూస్తే మూతి ఒక పక్కకు వంకరపోయి ఉంది. ఆటోలో బోధన్ దవాఖానకు, అక్కడి నుంచి నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. ఎనిమిది రోజులు గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. తొమ్మిదో రోజు పొద్దున నర్సమ్మ సూది వేస్తుంటే ఆమె పెదవులు కదిలాయి. "నోర్ముయ్" అంది. ఎక్కడా తడబడలేదు.

నర్సమ్మ నవ్వింది. "సూసిండ్రా, అవ్వకు మాటొచ్చింది. వచ్చుడు వచ్చుడే నన్ను కోపం జేసింది" అంది.

పక్క మంచం మీది ముసలామె, "మంచిగైంది తియ్. కోపం జేసేటోళ్లు జల్ది లేస్తరు" అంది.

వార్డంతా నవ్వారు. నా బిడ్డ ఏడుస్తూ నవ్వింది. నేనూ నవ్వాను. ఎట్లాగోలా మాట వచ్చింది, మిగతావి వెనకే వస్తాయి అనుకున్నాను. సాయంత్రం దాకా ఆ ఒక్క మాటే వచ్చింది. మరునాడూ అదే.

మూడో రోజు మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చింది. చిన్న పిల్ల. గ్లాసు బొమ్మ, అరటిపండు బొమ్మ, కుర్చీ బొమ్మ చూపించి ఇదేంటి, ఇదేంటి అని అడిగింది. మా ఆమె ఒక్కొక్క బొమ్మనూ శ్రద్ధగా చూసి, ఆలోచించి, "నోర్ముయ్" అని జవాబిచ్చింది. మూడోసారి తన జవాబు తప్పని తనకే తెలిసి ఏడ్చింది.

డాక్టరమ్మ నా బిడ్డతో అంది: "కొందరికి గిట్లయితదక్కా. మాటలన్నీ పోయి ఒకటో రెండో మిగుల్తయి. ఒకాయనకు దేవుని పేరు మిగిలింది. ఇంకొకాయనకు బూతు మిగిలింది, పాపం మంచోడే. ఎందుకు అదే మిగుల్తదో పూర్తిగ మాకూ తెల్వదు. బాగ అలవాటైన మాట అయ్యుండొచ్చు. అమ్మ ఇంట్ల ఈ మాట ఎక్కువ అంటుండెనా?"

నా బిడ్డ నా వైపు చూసింది.

"ఏమో బిడ్డా, నాకు యాదికి లేదు" అన్నాను.

అది అబద్ధం. ఆ మాట ఎవరిదో నాకు మొదటి రోజే తెలుసు.

నేను చక్కెర ఫ్యాక్టరీ యార్డులో పనిచేసినవాణ్ణి. చెరుకు బండ్లను తూకం వేసే కాంటా దగ్గరికి వరుసగా పంపడం నా పని. చదువు లేకపోయినా గొంతు ఉందని ఆ పనిలో పెట్టుకున్నారు. సీజనులో ఒక్కోరోజు బండ్ల వరుస రోడ్డు దాకా పోయేది. కందకుర్తి వైపు నుంచి మరాఠీ మాట్లాడే బండివాళ్లు, వర్ని వైపు నుంచి ట్రాక్టర్లవాళ్లు, అందరికీ తొందరే. చెరుకు ఎండితే తూకం తగ్గుతుంది. నేను ముందు, నేను ముందు అని మీద పడేవాళ్లు. వాళ్లకు నేను ఒక్క మాటతో జవాబిచ్చేవాణ్ణి. తెలుగువాళ్లకూ అదే, మరాఠీవాళ్లకూ అదే, వాళ్లకు అర్థమయ్యేది. ఆ మాట అనగానే గోల ఆగేది. నాకు అందులో గర్వం ఉండేది. పెద్ద ఇంజనీరు చెప్పినా వినని బండివాడు నా నోటికి వింటాడని సంబరపడేవాణ్ణి.

పని దిగి ఇంటికి రాగానే అంగీ విప్పి చిలక్కొయ్యకు తగిలించేవాణ్ణి. నోటిని మాత్రం విప్పి ఎక్కడా తగిలించలేదు.

ఇంట్లో గోల ఏముంది? ఒక ఆడమనిషి, ఒక ఆడపిల్ల. అయినా అదే మాట. కూరలో ఉప్పెక్కువైందని తనే ముందు చెప్పబోతే "నోర్ముయ్". ఎవరో చనిపోయారట, పోదామా అంటే "నోర్ముయ్, నాకు తెల్వదా". కొట్టలేదు. ఒక్కనాడు చెయ్యెత్తలేదు. ఆ సంగతి నేను నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. మా పక్కింటి వదిన కూడా చెప్పేది, "మా అన్నకు నోరే గట్లుంటది గని మనసు మంచిది" అని. ఈ మాట మా వైపు చాలామంది మొగవాళ్ల గురించి చెప్తారు. చెప్పేది ఎక్కువగా ఆడవాళ్లే. నేను నలభై ఏళ్లు దాన్ని కప్పుకుని హాయిగా పడుకున్నాను.

అన్నిటికన్నా చెడ్డది అన్నం దగ్గర జరిగేది. మేము తాతల నాటి నుంచి మెథడిస్టు క్రైస్తవులం. మా ఆమె మోస్రా ఊరి పిల్ల, మిషన్ హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివింది. హాస్టల్లో నేర్పిన అలవాటు, అన్నం ముందు ప్రార్థన చేయనిదే ముద్ద ముట్టదు. చిన్న ప్రార్థన అయితే సరే. ఈమె మోస్రాలో ఉన్న తల్లితో మొదలుపెట్టి, బస్తీలో జ్వరమొచ్చినవాళ్లు, యార్డులో నేను, వానలు, చెరుకు కోసేవాళ్ల పిల్లలు, అందరినీ వరుసగా తలుచుకునేది. నేను పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాణ్ణి. ఆకలి. "నోర్ముయ్యే, అన్నం సల్లారిపోతది" అనేవాణ్ణి. ఆమె మధ్యలోనే ఆమెన్ అని, కొంగు పెదవుల మీదికి లాక్కుని, నా కంచంలో వడ్డించేది. మరునాడు మళ్లీ మొదలుపెట్టేది. మళ్లీ నేను అనేవాణ్ణి. ఎన్ని వేల అన్నాలు తిన్నామో అన్నిసార్లు.

ఫ్యాక్టరీ మూతబడ్డాక నాకు పని పోయింది, గొంతు మిగిలింది. ఆ రోజుల్లోనే యాభై తొమ్మిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది ఆమే. చర్చిలో మిగతా పెద్దలు వంతులవారీగా పాఠం చదువుతుంటే నేను ఒక్కణ్ణే తప్పుకుంటూ ఉండేవాణ్ణి. అది చూసి ఆమే అంది, "నేను నేర్పుత. ఎవలకు తెల్వనియ్య" అని. మధ్యాహ్నం తలుపు దగ్గరకు వేసి నేర్పేది. అక్షరం మీద వేలు పెట్టి ఆమె ఒకసారి పలికితే నేను రెండోసారి పలకాలి. నాకు సిగ్గు. సిగ్గు వచ్చినప్పుడల్లా అదే మాట అన్నాను. ఆమె వేలు అక్షరం మీది నుంచి తియ్యకుండా, నా కోపం దిగేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. పది నెలలు పట్టింది. ఈ రాత ఆమె పెట్టిందే.

ఆమెను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన వారానికి చర్చి ఆడవాళ్లు అయిదుగురు ప్రార్థన చేయడానికి వచ్చారు. వాళ్లకు ముందు నడిచింది పక్కింటి వదినే. ఆమె రెంజల్ ఊరి మనిషి, మంచిది, గట్టి గొంతు. మా ఆమె వాళ్లను చూసి ఎడమ చెయ్యి ఊపింది, కళ్లు మెరిశాయి. అందరూ చాప మీద కూర్చున్నారు. వదిన కళ్లు మూసుకుని, "ప్రేమగల తండ్రీ" అంది. అంతే. మంచం మీది నుంచి "నోర్ముయ్" వచ్చింది.

వదిన ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ వచ్చింది. ఈసారి గట్టిగా. మూడోసారి మొదలుపెడితే మూడోసారీ వచ్చింది. ఆడవాళ్లు కళ్లు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాటలు చెప్తున్నంతసేపు ఊరికే ఉన్న మనిషి, ప్రార్థన మొదలుపెట్టగానే అంటోంది. అది వాళ్లు గమనించారు. నేనూ గమనించాను. వాళ్లకు కారణం తెలియదు. నాకు తెలుసు. ఆమెకు ప్రార్థన ఎట్లా మొదలవుతుందో, దాని వెనక ఏ మాట వస్తుందో, రెండూ ఒకదానికొకటి కుట్టేసినట్టు లోపల ఉండిపోయాయి. కుట్టినవాణ్ణి నేను.

వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ ఆ ఆడవాళ్లలో ఒకామె గుసగుసగా అంది: "ప్రార్థన అంటేనే పడ్తలేదు సూసిండ్రా. అది ఆమె కాదు. లోపల ఇంకేదో ఉన్నది."

ఇంకొకామె, "ఇన్నేండ్లు నోట్లె నాలిక లేనట్టున్నది. లోపల గింత పెట్టుకున్నదా ఏంది" అంది.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. దయ్యం మీద పడ్డ నింద కదా, దయ్యానికి పోయేదేముంది అనుకున్నాను. ఆమెకు ఏం పోతుందో ఆలోచించలేదు.

వారం తిరిగేసరికి మాట చర్చి దాటి పోయింది. వదిన మంచికే అనుకుని నిజామాబాద్ నుంచి ఒక ప్రార్థనాయనను మాట్లాడింది. ఆయన మా చర్చివాడు కాదు, ఊరి బయట రేకుల షెడ్డులో ప్రార్థన కూడికలు పెట్టుకుంటాడు. శనివారం వచ్చి చూస్తాడు, అవసరమైతే ఆమెను షెడ్డుకు తీసుకుపోయి నలభై రోజులు ఉంచుకుంటాడు, ఉపవాసంతో ప్రార్థన చేస్తాడు. కుడి పక్క పడిపోయిన మనిషిని నలభై రోజులు రేకుల కింద, బయటివాళ్ల చేతుల్లో. నా బిడ్డకు ఈ సంగతి తెలిసి చుడుతున్న బీడీల చాట పక్కన పెట్టి వచ్చింది.

"అవ్వను పంపిస్తవా బాపు?"

"నేను పంపిస్త అన్ననా. వచ్చి సూసిపోతడట."

"సూసినంక ఏమంటడో నీకు తెల్వదా. అవ్వల దయ్యముందంటడు. బస్తీ అంత అదే అంటున్నది. బీడీ ఆకుల కాడ, నల్ల కాడ, గదే ముచ్చట. నువ్వు జెప్తవా, నేను జెప్పాల్నా?"

"ఏం జెప్పాలె?"

చిన్నప్పుడు అన్నం దగ్గర తల వంచుకుని కూర్చున్న పిల్ల ఇది. దానికీ అన్నీ తెలుసు.

"శనివారం దాక సూస్త," అంది. "ఆడోళ్లు జెప్తే తండ్రి మీద జెప్పింది అంటరు. నీ నోటితోని వస్తేనే ఎవలన్న ఇంటరు."

శుక్రవారం పాస్టరయ్య దగ్గరికి పోయాను. నిజం చెప్పడానికే పోయాను. మా అయ్యగారు నా బిడ్డ వయసువాడు, నెమ్మదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "అన్నా, నాకు దయ్యం మాట మీద నమ్మకం కుదుర్తలేదు. డాక్టరు ఏమన్నది?" అని అడిగాడు.

"పక్షవాతంల గిట్లయితదట అయ్యగారూ."

"మరి ప్రార్థన అప్పుడే ఎందుకు వస్తుంది అంటరు సంఘంల. ఎల్లుండి ఆదివారం బల్ల ఆరాధన. నేను రొట్టె ఇంటికి తెచ్చి అమ్మకు ఇద్దామనుకున్న. ఇద్దరు పెద్దలు వద్దంటున్నరు. ఆ మాట అనుకుంట రొట్టె ఎట్ల తీసుకుంటది అంటున్నరు. నీకేమన్న తెలుసునా?"

అది నెలకోసారి క్రీస్తు జ్ఞాపకంగా మా చర్చిలో పంచే రొట్టె. నోరు తెరిచాను. "తెల్వదు అయ్యగారూ" అన్నాను.

యార్డులో రెండు వందల బండ్లవాళ్ల ముందు నిలబడినవాణ్ణి. ఒక మెత్తని మనిషి ముందు ఒక నిజం చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చేదారిలో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచాను. అంతకు ముందు అట్లా అలిసిపోయింది ఎప్పుడూ లేదు, సీజను నడిమిలో కూడా.

శనివారం పదింటికి ప్రార్థనాయన వచ్చాడు. తెల్లబట్టలు, చేతిలో నూనె సీసా. వదిన వచ్చింది, ఆడవాళ్లు వచ్చారు. విని పాస్టరయ్య కూడా వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. నా బిడ్డ తల్లి తలాపున కూర్చుంది. మా ఇల్లు రెండు గదులు. నిలబడటానికి చోటు లేదు.

ప్రార్థనాయన మెల్లగా మొదలుపెట్టాడు. ఆమె వెంటనే అంది. ఆయన తల ఊపాడు, దొరికిందన్నట్టు. ఆమె నెత్తి మీద నూనె పోసి, చెయ్యి పెట్టి గొంతు పెంచాడు. "ఎవరు నువ్వు, ఈ బిడ్డలో ఎందుకు దూరినవ్, పేరు జెప్పు" అని అరవడం మొదలుపెట్టాడు. ఆమె భయపడింది. పని చేసే ఎడమ చేత్తో ఆయన చెయ్యి తీసెయ్యబోయింది. "నోర్ముయ్, నోర్ముయ్" అంటూ ఏడుస్తోంది. అందులో తిట్టు లేదు, బతిమాలడమే ఉంది. ఆ గదిలో చెవులున్న ఎవరికైనా అది తెలియాలి. ఆయన ఇంకా అరిచాడు. ఆమె తల అటూ ఇటూ ఊగింది. నూనె కంట్లోకి కారింది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. ఆలోచించి అన్నది కాదు. "నోర్ముయ్" అన్నాను.

యార్డు గొంతు. ఎన్నో ఏళ్ల తర్వాత పూర్తిగా బయటికి వచ్చింది. ప్రార్థనాయన ఆగిపోయాడు. అందరూ ఆగిపోయారు. కానీ అందరికంటే ముందు ఆగింది ఆమె. ఏడుపు మధ్యలో తెగిపోయింది. ఎడమ చెయ్యి మెల్లగా కొంగును వెతుక్కుంది, దొరకబుచ్చుకుని పెదవుల మీదికి లాక్కుంది, తల వంచుకుంది. నేను ప్రార్థనాయనను అన్నాను. ఆమె తనను అన్నాననుకుంది. ఆమెకు ఆ మాట ఎప్పుడూ తన కోసమే వచ్చింది మరి.

వదిన నన్ను చూసింది, ఆమెను చూసింది, మళ్లీ నన్ను చూసింది. ఒకే మాట, ఒకే విరుపు. నలభై ఏళ్లు గోడ అవతల నుంచి ఆ మాట వింటూ ఉన్న మనిషి.

"అన్నా," అంది వదిన, మెల్లగా. "గిది నీ మాట గదా."

"నాదే," అన్నాను. "దాని మాట కాదు. అది పెండ్లయి వచ్చినప్పటి సంది ఒక్కలను ఒక్క మాట అనలే. అన్నం కాడ ప్రార్థన పెడితే నేనన్న. రోజు అన్న. గందుకే ప్రార్థన అంటే అదొస్తది. దయ్యం లేదు, భూతం లేదు. నేనే ఉన్న. డాక్టరమ్మ అడిగితే తెల్వదన్న. అయ్యగారు అడిగితే తెల్వదన్న. తెలుసు."

గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను.

వదిన కొంగుతో ఆమె కంట్లో నూనె తుడుస్తూ, అలవాటుగా నన్ను ఓదార్చబోయింది. "ఏం జేస్తం అన్నా, నీ నోరు గట్లుంటది గని మనసు..."

"గా మాట వద్దు వదినా," అన్నాను. "మనసు ఇంకెక్కడ పెట్టుకున్న నేను? ఎవలకన్న కనవడ్డదా? దానికి కనవడ్డదా? నా నోట్ల ఉన్నదే దానికి అందింది. అదే ఇప్పుడు దాని నోట్ల ఉన్నది."

పాస్టరయ్య ప్రార్థనాయనను మర్యాదగా బయటికి తీసుకుపోయాడు. వాకిట్లో ఆయన, "పెద్దమనిషి గట్ల అనొచ్చునా" అని బాధపడటం వినిపించింది. నిజమే, అనకూడదు. ఆయనకు తర్వాత కబురు పంపి తప్పయిందని చెప్పించాను. ఆమెను మాత్రం ఎక్కడికీ పంపనని కూడా చెప్పించాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె కాళ్లు నిమిరి పోయారు. నోట్లో నాలిక లేనట్టుండేది అన్న ఆమె అందరికంటే ఎక్కువసేపు నిమిరింది.

అందరూ పోయాక నా బిడ్డ, "గింత చిన్న మాటకు గిన్ని దినాలు పట్టిందా బాపు" అంది. కోపంగా కాదు. అలిసిపోయి అంది. చాట తెచ్చుకుని తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య రొట్టె, ద్రాక్షరసం తెచ్చాడు. వద్దన్న పెద్దలిద్దరూ కూడా వెంట వచ్చారు, ఒకాయన గిన్నె పట్టుకున్నాడు. పాస్టరయ్య మంచం పక్కన మోకరించి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆమె ఆ మాట అంది. ఆయన ఆగలేదు, తొందరపడలేదు. ఆయన చెప్పేది ఆయన చెప్తున్నాడు, ఆమె అనేది ఆమె అంటోంది. రెండూ కలిసి గదిలో అట్లా సాగాయి. ప్రార్థన చివరిదాకా పోయింది. మా ఇంట్లో ఆమె దగ్గర ఒక ప్రార్థన చివరిదాకా పోవడం నేను చూడటం అదే మొదలు. ఆమె నోరు తెరిచి రొట్టె తీసుకుంది. వంకర పెదవి నుంచి రసం కొంచెం జారితే బిడ్డ తుడిచింది.

తర్వాత ఆయన నా వైపు తిరిగాడు. రొట్టె ముక్క చేతిలో ఉంది. ఇవ్వలేదు, ఆగాడు. మా దగ్గర పద్ధతి ఉంది. ఎవరితోనైనా తప్పు ఉంటే ముందు వాళ్లతో సరిచేసుకుని రావాలి. చిన్నప్పుడు పొలం గట్ల పంచాయతీలు ఆదివారం పొద్దున చర్చి వాకిట్లో తెగడం చూశాను. ఆయన ఏమీ అడగలేదు. నాకే తెలియాలి.

ఆమె ముందు కూర్చున్నాను. ఏమనాలో తెలియలేదు. పుస్తకాల్లో మాటలు ఉన్నాయి. ఇప్పుడు చదవగలను కాబట్టి చాలా తెలుసు. కానీ అవి చర్చిలో నిలబడి చదివే మాటలు. ఇంట్లో, ఆమెతో, మెత్తగా అనే మాట ఒక్కటి నా దగ్గర లేదు. వెతుక్కున్నాను, నిజంగా లేదు. చివరికి, "నాది తప్పయింది. మాఫ్ జెయ్యి" అన్నాను. కాంటా దగ్గరికి బండిని వరుస తప్పి పంపినప్పుడు అన్నట్టు వచ్చింది.

ఆమె నన్ను చూసింది. ప్రతిదానికీ ఆ మాట అనే మనిషి, నీళ్లకూ నొప్పికీ సంతోషానికీ అనే మనిషి, నాకు జవాబుగా ఏమీ అనలేదు. పెదవులు కదలలేదు. కోపమూ లేదు మొహంలో. ఊరికే చూసి, తర్వాత కిటికీ వైపు తిరిగింది.

పాస్టరయ్య ఎదురుచూశాడు. గిన్నె పట్టుకున్న పెద్దాయన ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. నా బిడ్డ, "అవ్వకు అర్థమైందో లేదో" అంది, నాకు సాయం చేయడానికి.

"అయింది," అన్నాను. "అయ్యగారూ, నాకు ఈ నెల వద్దు. తీస్కపోండ్రి."

ఆయన బలవంతం చేయలేదు. నా భుజం మీద చెయ్యి వేసి పోయాడు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. నాలుగు ఆదివారాలు రొట్టె ఇంటికి వచ్చింది. ఆమె తీసుకుంది, నేను తీసుకోలేదు. పంతం కాదు. వదిన వచ్చి పోరు పెడుతుంది, దేవుడు మన్నించిండు గద అన్నా అంటుంది. దేవుని సంగతి నాకు నమ్మకమే. నేను ఎదురుచూసేది ఆయన మాట కోసం కాదు.

డాక్టరమ్మ ఫోనులో చెప్పింది, ఏ మాట రావాలనుకుంటే ఆ మాట ఆమె మొహం చూస్తూ రోజూ అనాలట, నెమ్మదిగా, పదిసార్లు. నీళ్లు, అన్నం, నొప్పి, బిడ్డ. అంటున్నాను. ఆమె నా పెదవులను చూస్తుంది. నేను గ్లాసు పట్టుకుని "నీళ్లు" అంటే మొన్న ఆమె పెదవులు కొంచెం ముందుకు వచ్చాయి, "నీ" అన్నట్టు వినిపించింది. నాకు అనిపించిందేమో కూడా. బిడ్డను పిలిచి చూపిద్దామంటే మళ్లీ రాలేదు. ఆ పాత మాటే వచ్చింది.

పొద్దున తల దువ్వేటప్పుడు తప్పయిందని మళ్లీ చెప్తాను. రోజూ చెప్తే విసుగు వస్తుందేమో తెలియదు. ఇప్పుడు కొంచెం మెత్తగా వస్తోందని నా బిడ్డ అంది, అంతే, ఎక్కువ అనలేదు. ఆమె కళ్లు మూసుకుని కూర్చుంటుంది. నేను వెనక ఉంటాను కాబట్టి మొహం కనపడదు. జడ వేయడం నాకింకా సరిగ్గా రాలేదు. మధ్యాహ్నానికల్లా ఊడిపోతుంది, మళ్లీ వేస్తాను.